పసిబిడ్డ కింద వినైల్ చాప

నాకు పగ పట్టడం బాగా వచ్చు. ఐదో తరగతిలో నా జామెట్రీ బాక్సు విరగ్గొట్టిన అమ్మాయి ఇరవై ఏళ్ళ తర్వాత పెళ్ళికి పిలిస్తే వెళ్ళలేదు. శుభలేఖ మాత్రం దాచుకున్నాను, వెళ్ళలేదన్న సంగతి గుర్తుండాలని. మా అమ్మ నాది పాము పగ అనేది. మా ఆయన అంత మాట అనడు, "వదిలెయ్యి" అంటాడు. వదిలెయ్యడం నాకు చేతకాదు. కెనడాలోని విన్నిపెగ్‌లో మేము అద్దెకున్న బేస్‌మెంట్ గురించి ఇప్పుడు రాయడానికి కూర్చుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

ఇంటివాళ్ళు మనవాళ్ళే. కోస్తా నుంచి పాతికేళ్ళ కిందట వచ్చి స్థిరపడినవాళ్ళు. ఆయన్ని అంకుల్ అనీ, ఆవిడని ఆంటీ అనీ పిలిచేవాళ్ళం. మంచివాళ్ళు కాదని ఎలా అనను? మేము దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి కారు తీసుకొచ్చింది అంకులే. మా పాపకి మొదటి స్నోసూట్ కొనిపెట్టింది ఆంటీ. ఆదివారం చర్చి నుంచి వచ్చాక గిన్నెలో పులావు పెట్టి కిందికి పంపేది. మేలు చేసినవాళ్ళ మీద పగ పట్టడం చాలా కష్టం. ఆ కష్టం కూడా నేను పడ్డాను.

రెండో ఏడు శరదృతువులో పెద్ద వాన పడి బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చాయి. కార్పెట్ తడిసి కుళ్ళు వాసన కొట్టింది. అంకుల్ దాన్ని పీకేసి, కొట్టు నుంచి వినైల్ చుట్ట తెచ్చి, తనే జిగురు పూసి పరిచారు. చూడటానికి అచ్చం చెక్క నేలే. ఆ రెండు రోజులూ మేము పైన వాళ్ళ హాల్లో పడుకున్నాం. మూడో రోజు పొద్దున, వారాంతంలో చుట్టాలొస్తున్నారు, కింద అంతా అయిపోయింది, ఇక దిగండి అన్నారు. దిగాం. మెట్ల మీదే వాసన తగిలింది, కొత్త రెయిన్‌కోటు మడత విప్పితే వస్తుందే, అది. "కొత్తిల్లు వాసనమ్మా!" అని ఆంటీ మురిసిపోయింది. ఆ తర్వాత పది రోజులకే చలి బిగిసింది. అందరిలాగే మేమూ కిటికీలకి ప్లాస్టిక్ ఫిల్మ్ అతికించి, హెయిర్ డ్రయ్యర్‌తో బిగించేశాం. ఇక ఏప్రిల్ దాకా ఆ గదుల్లోకి బయటి గాలి రాదు.

మా పాపకి అప్పుడు నాలుగేళ్ళు. నవంబరు చివరికి దాని ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. జలుబే అనుకున్నాం. డిసెంబరులో ఒక పొద్దున డేకేర్‌కి బయలుదేరదీస్తూ స్నోసూట్ జిప్పు పైకి లాగుతున్నాను. పిల్ల డొక్కలెగరేస్తోంది. మెడ దగ్గర గుంట లోపలికి పోతోంది. "అమ్మా, ఐ కాంట్" అంది, అంతకుమించి మాట రాలేదు. ఎమర్జెన్సీలో మాస్కు పెట్టి మందు పీల్పిస్తుంటే, దాని కాలి బూటు పట్టుకుని నిలబడ్డాను. పట్టుకోవడానికి ఇంకేమీ నా చేతికి అందలేదు.

డాక్టర్ ఓపికమంతురాలు. ఇంట్లో కుక్కా పిల్లీ ఉన్నాయా, ఎవరైనా సిగరెట్ తాగుతారా, బూజు ఉందా, కొత్తగా రంగు వేశారా, కొత్త ఫ్లోరింగ్ ఏమైనా వేశారా అని ఒకటొకటే అడిగింది. చివరిదానికి అవునన్నాను. వినైల్‌లో కలిపే కొన్ని రసాయనాలకీ పిల్లల్లో ఆస్తమాకీ సంబంధం ఉన్నట్టు కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి, కానీ మీ పాపకి ఇది దానివల్లే అని నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు అంది. చలిగాలి కావచ్చు, వైరస్ కావచ్చు, తడిసిన కార్పెట్ బూజు కావచ్చు. నోటితో పీల్చే మందు, ఇక్కడి మాటలో పఫర్, రాసిచ్చి, దుమ్మును తడిగుడ్డతో తుడవమని, కాసేపైనా గాలి ఆడనివ్వమని చెప్పింది.

నేను ఊళ్ళో జూనియర్ కాలేజీలో తొమ్మిదేళ్ళు కెమిస్ట్రీ చెప్పినదాన్ని. వినైల్ అంటే పీవీసీయే, అది దానంతట గట్టి సరుకు. నీళ్ళ గొట్టానికి పనికొస్తుంది గానీ చుట్ట చుట్టి కారులో వేసుకు రావడానికి పనికిరాదు. అది వంగాలంటే అందులో నూనెలాంటి ద్రవాలు కలపాలి. వాటినే ప్లాస్టిసైజర్లంటారు. థాలేట్లు ఆ జాతివే. అవి ప్లాస్టిక్‌తో ముడిపడవు, ఊరికే దాని సందుల్లో కూర్చుంటాయి. కూర్చున్నవి మెల్లగా లేచి బయటికొస్తాయి. గాల్లోకి వస్తాయి, ఇంటి దుమ్ములోకి వస్తాయి, నూనె తగిలితే ఇంకా సులువుగా నూనెలోకి వస్తాయి. 'ప్లాస్టిసైజర్లు అనగానేమి?' అన్నది నా క్లాసులో రెండు మార్కుల ప్రశ్న. పిల్లలు కంఠతా పట్టి రాసేవారు, నేను టిక్కు పెట్టేదాన్ని. ఆ ద్రవం తర్వాత ఎక్కడికి పోతుంది మేడమ్ అని ఒక్కరూ అడగలేదు. అడగని ప్రశ్నకి నేనూ చెప్పలేదు.

ఆ సాయంత్రమే పైకెళ్ళాను. అంకుల్ టీవీ ముందు ఉన్నారు. విషయం చెప్పి, ఆ ఫ్లోర్ తీసేసి టైల్స్ వేయించండి, లేదంటే కనీసం పాప పడుకునే గదిలోనైనా తీసేయండి అన్నాను. ఆయన గట్టిగా కూడా మాట్లాడలేదు. అదే నాకు ఎక్కువ మండింది.

"అమ్మా, కెనడాలో సగం ఇళ్ళకి ఇదే ఫ్లోరు. అందరి పిల్లలూ దగ్గుతున్నారా? నువ్వు ఏమీ అనుకోనంటే ఒక మాట. నువ్వు పెట్టే పోపు ఘాటుకి పైన మాకే దగ్గొస్తోంది. ఆ ఎండుమిర్చి తగ్గించు, పాప దానంతట అదే సర్దుకుంటుంది."

"పోపు ఇవాళ కొత్తగా పెడుతున్నానా అంకుల్? ఏడాదిన్నరగా అదే పొయ్యి, అదే మిర్చి."

"చదువుకున్నదానివి, కోడిగుడ్డు మీద ఈకలు పీకుతావేంటమ్మా" అని రిమోట్ అందుకున్నారు.

ఆంటీ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆదివారం మాత్రం చర్చిలో లేచి మా పాప కోసం ప్రార్థన చేయమని అందరినీ అడిగిందట. వారమంతా నాకు ఫోన్లు. ముఖం కూడా తెలియని ఆడవాళ్ళు పాపకి ఎలా ఉందని అడిగి, ఆ వెంటనే, "పోపు మానేశావా అమ్మా?" అనేవాళ్ళు. ప్రార్థన ఆంటీ మనసులోంచే వచ్చిందని నాకు తెలుసు. పోపు కథ ఎవరి నోట్లోంచి వచ్చిందో కూడా తెలుసు. ఊరంతా కలిసి నా బిడ్డ ఊపిరికి నా మూకుడునే దోషిని చేశారు. అయినా మూడు వారాలు పోపు మానేశాను. చప్పిడి పప్పు, ఉడకబెట్టిన బంగాళాదుంప. పిల్లికూతలు అలాగే ఉన్నాయి. నాలుగో వారం మూకుడు ఎర్రగా కాల్చి, గుప్పెడు మిర్చి వేశాను, పైకి పోవాలనే వేశాను. పాపని ఆ పూట వాళ్ళ నాన్నతో లైబ్రరీకి పంపాకే వేశాను.

మారిపోదామంటే మా ఆయన ఒప్పుకోలేదు. "ఈ చలిలో ఇల్లెక్కడ వెతుకుతాం? పీఆర్ కోసం పెట్టిన పీఎన్‌పీ ఫైలంతా ఈ అడ్రస్ మీదే ఉంది. స్ప్రింగ్ రానీ" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. న్యాయం ఉన్న మాట వింటే నాకు ఇంకా కోపం వస్తుంది. రోజూ పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని ఆ నేలంతా తడిగుడ్డతో తుడిచేదాన్ని. తుడిచినంతసేపూ అంకుల్‌ని తిట్టేదాన్ని. ఆయనకి కూడా ఊపిరాడని రోజొకటి రావాలి అనుకున్నాను. ఇది అక్షరాలా అనుకున్నాను, తర్వాత చెంపలు వేసుకోలేదు.

అక్కడితో ఆగలేదు. ఇంట్లో మెత్తగా వంగే ప్లాస్టిక్ ఏది కనిపించినా అనుమానమే. షవర్ కర్టెన్ తీసేశాను, డైనింగ్ టేబుల్ మీది మందపాటి షీట్ తీసేశాను. అలా సర్దుతుంటే డ్రాయర్ల బల్ల పక్కన నిలబెట్టిన చాప దొరికింది. పాప పుట్టినప్పుడు మా ఊరి బజారులో కొన్నది. మెత్తటి వినైల్, మీద ఏనుగులూ చిలకలూ. కెనడా వచ్చేటప్పుడు సూట్‌కేసులో బట్టలు తగ్గించుకుని మరీ తెచ్చుకున్నాను. దాన్ని లాగితే రాలేదు. బల్లకి అంటుకుపోయింది. గట్టిగా లాగితే బల్ల రంగు పొర దానితో లేచి వచ్చింది. చాప అంచులు వేలికి జిడ్డుగా తగిలాయి. పాతబడిన వినైల్ అలా చెమర్చిందంటే లోపలి ద్రవం బయటికొస్తోందని అర్థం. తొమ్మిదేళ్ళు పాఠం చెప్పినదానికి ఇది వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ చాప మీదే నా బిడ్డకి మూడో నెల నుంచీ రోజూ కొబ్బరినూనె రాసి, కాళ్ళూ చేతులూ సాగదీసి, అరగంట నానబెట్టేదాన్ని. నూనె మరకలు ఇట్టే తుడిచేయొచ్చని ఏరి కొన్నాను. నా చేత్తో నేను చేసింది ఒకటుందని, అది అంకుల్ కంటే ముందే మొదలైందని ఆ రోజు తెలిసింది. తెలిస్తే మనిషి తగ్గాలి. నేను తగ్గలేదు. నా తప్పుకి కూడా ఆయన్నే తిట్టుకున్నాను. పాప వచ్చి చాప మీది ఏనుగుని ముట్టుకోబోతే, "అది మంచిది కాదు, ముట్టుకోకు. దగ్గొస్తుంది" అని అరిచాను. చుట్టి, వెనక తలుపు దగ్గర చెత్తబుట్టల పక్కన నిలబెట్టాను.

అప్పటికి సస్కటూన్‌లో ఉండే ఆంటీ కూతురు పురిటికి వచ్చి ఉంది. ఫిబ్రవరి మొదట్లో ఆడపిల్ల పుట్టింది. ఇల్లంతా సంబరమంటే సంబరం. బొడ్డు ఊడాక ఆంటీ నూనె స్నానాలు మొదలుపెట్టాలనుకుంది. కానీ ఆవిడకి మోకాళ్ళ ఆపరేషన్ అయింది. కాళ్ళు చాపుకుని పిల్లని కాళ్ళ మీద వేసుకోవడం కుదరదు. మంచం మీదో బల్ల మీదో ఏదైనా పరిచి వేసుకోవాలి. చెత్త పడేయడానికి వెనక తలుపు దగ్గరికి వచ్చిన ఆవిడకి నా చాప కనిపించింది. నేను బూట్లు విప్పుకుంటున్నాను.

"ఇంత మంచి చాప పారేస్తున్నావేంటమ్మాయ్?"

నేను తలెత్తి చూశాను. నోట్లోకి మాట వచ్చింది. నిజంగా వచ్చింది. ఆంటీ, అది పిల్లకి వద్దు అన్న నాలుగు ముక్కలు. దాని వెంటే కోడిగుడ్డూ ఈకలూ, రిమోటూ, ఫోన్లలో పోపు మాటలూ గుర్తొచ్చాయి.

"మా పాప పెద్దదైపోయింది కదా ఆంటీ."

"అయితే నేను తీసుకోనా? మన ఊరి చాపలా ఉంది. ఇక్కడివేమో స్పాంజిలా నూనె పీల్చేస్తాయి. దీని మీద నూనె పడితే తుడిచేసుకోవచ్చు కదా?"

"తుడిచేసుకోవచ్చు ఆంటీ. తీసుకోండి."

ఆవిడ వంగలేదని నేనే దాన్ని పైకి మోసుకెళ్ళి, సబ్బునీళ్ళతో తుడిచి, ఎండకి కిటికీ దగ్గర ఆరేశాను. ఆంటీ కూతురు థాంక్యూ సో మచ్ అక్కా అంది. మెట్లు దిగుతుంటే కడుపులో చల్లగా అనిపించింది. నేను ఏ అబద్ధమూ చెప్పలేదు. నేను చెబితే వీళ్ళు విననే లేదు కదా. సరే, చెప్పడం మానేశాను.

ఆ తర్వాత వారం పాటు రోజూ పదకొండు గంటలకి నా నెత్తిన స్నానం మొదలయ్యేది. ముందు బకెట్ చప్పుడు, తర్వాత ఆంటీ కూనిరాగం, తర్వాత పసిపిల్ల ఏడుపు. నేను కింద కూరగాయలు తరుగుతూ వినేదాన్ని. ఇప్పుడు నూనె రాస్తోంది, ఇప్పుడు బోర్లా వేసింది, ఇప్పుడు నానబెట్టింది. చేతులకి తెలిసిన పనే కాబట్టి చప్పుడుని బట్టి చెప్పగలను. నాకు సంతోషంగా ఉండేది. మరో మాట పెట్టి దీన్ని మెత్తబరచలేను. రేపెప్పుడో వీళ్ళూ ఎమర్జెన్సీ కుర్చీలో కూర్చుంటారు, వీళ్ళనీ ఒక డాక్టర్ ప్రశ్నలడుగుతుంది, అప్పుడు అంకుల్ ఎవరి పోపు మీదికి తోస్తాడో చూద్దాం అనుకునేదాన్ని. ఆ పసిదానికి ముఖం ఉందన్న సంగతి తలుచుకునేదాన్ని కాదు. దాన్ని అంకుల్ మనవరాలిగానే ఉంచాను.

శనివారం బిడ్డని చూడటానికి వెళ్ళక తప్పలేదు. మా ఆయన పనిలో ఉన్నాడు. పాపకి పఫర్ ఇచ్చి, ఊలు టోపీ ఒకటి పొట్లం కట్టి, పదకొండున్నరకి పైకి తీసుకెళ్ళాను. వెళ్ళేసరికి స్నానం ఇంకా కాలేదు. డైనింగ్ టేబుల్ మీద చాప పరిచి, దాని మీద పిల్లని పడుకోబెట్టి ఆంటీ నూనె రాస్తోంది. ఒంటి మీద బట్ట లేదు. నూనె కారి చాప మీద మడుగు కట్టింది. పిల్ల చిన్న పిడికిలితో ఆ జిడ్డులో కొట్టుకుని, తీసుకెళ్ళి నోట్లో పెట్టుకుంది. నేను చూశాను. పొట్లం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. అప్పటికీ నోరు విప్పలేదు.

మా పాప విప్పింది.

"అమ్మా! దట్స్ ద బ్యాడ్ మ్యాట్!"

ఆంటీ కూతురు నవ్వుతూ వంగింది. "వై ఈజ్ ఇట్ బ్యాడ్, స్వీటీ?"

"మై అమ్మా సెడ్. ఇట్ మేక్స్ యూ కాఫ్." తర్వాత నా వైపు తిరిగింది. అడగాలని అడిగిందే తప్ప ఎత్తిపొడవాలని కాదు, దానికింకా ఎత్తిపొడుపు రాదు. "అమ్మా, వై డిడ్ యూ గివ్ ఇట్ టు ద బేబీ?"

ఆంటీ చేతులు ఆగిపోయాయి. కూతురు నవ్వు తీసేసి, పిల్లని నూనెతో పాటే ఎత్తుకుని గుండెకి హత్తుకుంది. టీవీ చూస్తున్న అంకుల్ లేచి వచ్చారు.

"ఏంటమ్మాయ్ ఇది?" అంది ఆంటీ. "తెలిసే ఇచ్చావా?"

"తెలిసే ఇచ్చాను ఆంటీ."

మూడు నెలల మాటలు ఒక్కసారి వచ్చాయి. వినైల్ ఎలా చేస్తారో, అందులోంచి ఏమి బయటికొస్తుందో, నూనె తగిలితే ఏమవుతుందో, నా బిడ్డకి డొక్కలెగరేసిన పొద్దున ఎలా గడిచిందో అన్నీ చెప్పాను. "మీరు వేసింది చూసి నేను అడిగితే ఈకలు పీకుతున్నానన్నారు. ఇప్పుడు మీ మనవరాలి కింద అదే ఉంది. ఇది కూడా పోపే అనండి అంకుల్, అనండి!"

అంకుల్ దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డారు. ఆంటీ ఆయన వైపు చూసింది.

"చెప్పండి. ఆ కొట్టతను ఏం చెప్పాడో చెప్పండి" అంది. ఆయన చెప్పకపోయేసరికి తనే చెప్పింది. "జిగురేసినాక వారం పాటు కిటికీలు తీసుంచండి, చిన్నపిల్లలుంటే అసలు దించొద్దన్నాడు. నేను పక్కనే ఉన్నాను. చుట్టాలొస్తున్నారని ఈయన దించేశారు. నేనూ నోరు మూసుకున్నాను."

మూడు నెలలు నేను పడిగాపులు పడింది ఈ మాట కోసమే. మా పోపు కాదని, వాళ్ళకి తెలుసని, వాళ్ళ నోటితోనే. విన్నాను. అరిచి పండగ చేసుకోవాల్సిన క్షణం అది. నాకు కనబడుతున్నది మాత్రం ఆంటీ కూతురు. పొడి తువ్వాలుతో పిల్ల ఒంటి మీది నూనె తుడుస్తోంది. ముందు పిడికిలి, వేలు వేలూ విప్పి. తర్వాత నోటి చుట్టూ. వాళ్ళ నాన్న మీద అరవలేదు, అమ్మ వైపు చూడలేదు. తల ఎత్తకుండానే నాతో అంది, "అక్కా, వాళ్ళ మీద కోపం ఉంటే వాళ్ళని తిట్టాల్సింది. నా బేబీ నిన్నేం చేసింది?"

మేము ఏప్రిల్‌లో ఖాళీ చేశాం. కొత్త అపార్ట్‌మెంట్‌లో పాపకి పిల్లికూతలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. తగ్గింది నేల మారినందుకా, చలి పోయినందుకా, పిల్ల ఒక ఏడు పెరిగినందుకా, చెప్పగలిగినవాళ్ళు లేరు. ఆ బేస్‌మెంట్ ఫ్లోర్ పీకించి టైల్స్ వేశారని విన్నాను. కూతురు పట్టుబట్టిందట. అంకుల్‌ని నేను క్షమించలేదు. తెలిసీ నా బిడ్డని దించినవాడు. ఆయన గురించి రాయమంటే ఇంకో పుస్తకం రాస్తాను. కానీ ఆయనకి తగలాలని నేను వేసిన దెబ్బ ఆయనకి తగల్లేదు.

ఆ శనివారం పాపని తీసుకుని మెట్లు దిగుతున్నాను. ఊలు టోపీ పొట్లం ఇవ్వడం మరిచిపోయి చేతిలోనే ఉంది. సగం మెట్లలో పాప ఆగింది.

"అమ్మా, విల్ ద బేబీ నీడ్ ఎ పఫర్ టూ?"

టోపీ పొట్లం చంకలో పెట్టుకుని, దానికి నా చెయ్యి అందించాను. అది రెండోసారి అడగలేదు. నా వేలు పట్టుకుని మిగతా మెట్లు ఒక్కొక్కటే దిగి, బూట్లు విప్పి, ఎప్పటిలాగే సాక్సులతో ఆ నేల మీదికి నడిచింది.